మధ్యయుగచరిత్రలో ఎం.ఏ. పట్టము: దానికి వలయు యోగ్యతయు, దాని పరీక్షయు

పదవ తరగతి పరీక్షలు సమీపించిన కొలది మా పాఠశాలకు తలిదండ్రుల రాకపోకలు హెచ్చుచుండును. కుమారుని పాలిటెక్నిక్కున చేర్చుట మేలా, ఇంటరులో ఏ శాఖ తగును, కుమార్తెకు నర్సింగు చదువు చెప్పింపవచ్చునా, సింగరేణిలో ఉద్యోగమునకు ఏ చదువు దారి చూపును అనునవియే వారి ప్రశ్నలు. నస్పూరు, శ్రీరాంపూరు గనులలో మూడు షిఫ్టుల కష్టమును అనుభవించినవారు తమ బిడ్డల జీవనోపాధినిగూర్చి మొదట తలంచుట సహజము. అయితే గడచిన రెండు మూడేండ్లలో పూర్వవిద్యార్థులు కొందఱు వేఱొక ప్రశ్నతో మాయొద్దకు వచ్చిరి. చరిత్రలో, అందును కాకతీయులనాటి మధ్యయుగచరిత్రలో, ఎం.ఏ. చదువవలెనన్న ఏమి కావలయును? దాని పరీక్ష ఎట్లుండును? చదివినందువలన ఫలమేమి? ఒక్కొక్కరికి వేఱువేఱుగా చెప్పిన సమాధానమును అందఱి ఉపయోగముకొఱకు ఈ సంచికలో వ్రాయ నుద్దేశించితిమి.

మొదట ఆ పేరును విచారింతము. మధ్యయుగమను మాట ఐరోపావారు కల్పించుకొన్నది. పశ్చిమ రోము సామ్రాజ్యము పతనమైన 476వ సంవత్సరమునకును, పదునైదవ శతాబ్దమునందలి విద్యాపునరుజ్జీవనమునకును నడుమనున్న కాలమును వారు ఆ పేరిట పిలిచిరి. మన దేశచరిత్రలో ఆ గీతలు అట్లే సరిపడవు. సామాన్యముగా ఎనిమిదవ శతాబ్దమునుండి పదునెనిమిదవ శతాబ్దమువఱకు గల కాలమును మనవారు మధ్యయుగ మందురు. తెలుగువారికి ఇందు కాకతీయులు, రెడ్డిరాజులు, వెలమనాయకులు, బహమనీలు, విజయనగరప్రభువులు, గోలకొండ కుతుబ్‌షాహీలు అందఱును చేరుదురు. యుగముల పేర్లు మన సౌకర్యముకొఱకు మనము పెట్టుకొన్నవి. పండ్రెండవ శతాబ్దమున పొలము దున్నిన రైతునకు తాను మధ్యయుగమున నున్నానని తెలియదుగదా.

ఇందొక వింత కలదు. మధ్యయుగమును చదివి పొందు ఈ ఎం.ఏ. పట్టము తానే మధ్యయుగమున పుట్టినది. మాస్టరనగా గురువు. పారిసు మొదలగు నగరముల విద్యాపీఠములలో ఈ పట్టము మొదట బోధించుట కిచ్చు అనుమతిగానే యుండెను. 1215లో పోపుగారి ప్రతినిధియైన రాబర్ట్ ద కూర్సాన్ పారిసు విద్యాపీఠమునకు నియమములు వ్రాసెను. వాని ప్రకారము కళావిషయములను బోధింపగోరువానికి ఇరువదియొక సంవత్సరముల వయస్సు నిండవలెను; ఆఱేండ్లు గురువులయొద్ద పాఠములు వినియుండవలెను; కనీసము రెండేండ్లు తాను బోధింతునని మాట ఈయవలెను. వేదాంతశాస్త్రమును బోధించువానికి ముప్పదియైదేండ్ల ప్రాయ ముండవలెను. అంతకుమున్ను 1179లో రోమునగరమున జరిగిన మూడవ లాటరను మహాసభ మఱియొక మేలు చేసినది. ప్రతి ప్రధానదేవాలయముకడను ఒక ఉపాధ్యాయుని నిలిపి పేదవిద్యార్థులకు ఉచితముగా చదువు చెప్పింపవలెననియు, బోధించు అనుమతికై ఎవరును సొమ్ము పుచ్చుకొనరాదనియు, తగినవానికి ఆ అనుమతిని నిరాకరింపరాదనియు శాసించినది. మిషను పాఠశాలలో పనిచేయు మాకు ఆ మూడు మాటలును ఎన్నటికిని మఱువరానివి.

మన తెలుగునాటను ఆ కాలమున విద్య దిక్కులేనిదై యుండలేదు. నేటి గుంటూరు జిల్లాలోని మల్కాపురమున నున్న 1261వ సంవత్సరపు శాసనము గోళకీమఠాచార్యుడైన విశ్వేశ్వరశివునికి కాకతీయులు చేసిన దానమును తెలుపును. అందు దేవాలయము, మఠము, అన్నసత్రము మాత్రమేగాక వేదములను శాస్త్రములను బోధించు విద్యాశాల, వైద్యశాల, ప్రసూతిశాల చెప్పబడినవి. అధ్యాపకులకును, వైద్యునికిని, లెక్కలు వ్రాయువానికిని జీవనాధారము లేర్పఱుపబడినవి. చదువును, రోగికి మందును, తల్లికి పురిటియిల్లును ఒకే దానపత్రమున చేర్చిన ఆ శాసనమును మా తొమ్మిదవ తరగతి పిల్లలకు చెప్పినప్పుడెల్ల వారు ఆశ్చర్యపడుదురు.

ఇక నేటి నియమములకు వత్తము. మన దేశమున మధ్యయుగాధ్యయనమను పేరుగల ప్రత్యేకపట్టము అరుదు. చరిత్రలో ఎం.ఏ. చదువుచు అందు మధ్యయుగమును విశేషముగా తీసికొనుటయే వాడుక. మధ్యయుగ భారతచరిత్రకు అలీగఢ్ విశ్వవిద్యాలయము ప్రసిద్ధము. ఢిల్లీలోని జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయమున ప్రాచీన, మధ్య, ఆధునిక శాఖలు వేఱువేఱుగా కలవు. మన రాష్ట్రమున 1918లో స్థాపింపబడిన ఉస్మానియాయు, 1974లో వచ్చిన హైదరాబాదు విశ్వవిద్యాలయమును, 1976లో వరంగల్లున వెలసిన కాకతీయ విశ్వవిద్యాలయమును చరిత్ర బోధించుచున్నవి. మంచిర్యాలలో రైలెక్కి కాజీపేటలో దిగినవానికి కాకతీయ విశ్వవిద్యాలయము సమీపమే. ఆ రాజవంశపు పేరు ధరించిన విద్యాలయమున ఆ రాజవంశపు చరిత్రను చదువగలుగుట మన ప్రాంతపు బిడ్డలకు చిన్న భాగ్యము కాదు.

ప్రవేశమునకు ముందుగా డిగ్రీ పట్టము కావలెను. పిమ్మట రాష్ట్రములోని పలు విశ్వవిద్యాలయముల పక్షమున జరుగు సీపీగెట్ అను ప్రవేశపరీక్ష వ్రాయవలెను. తొంబది నిమిషములలో నూఱు ప్రశ్నలకు సరియైన జవాబును గుర్తించుట ఆ పరీక్ష. నియమములు ఏటేట మాఱుచుండును గావున ఆ సంవత్సరపు ప్రకటనను స్వయముగా చదువుకొనుట మంచిది. చదువు రెండేండ్లు, నాలుగు సెమిస్టరులు. ఒక్కొక్క పత్రమునకు ఇన్ని క్రెడిట్లని యుండును. ఏడాది నడుమ జరుగు చిన్న పరీక్షలు, సెమినారు, వ్రాతపని మార్కులలో కొంతభాగమును తెచ్చును; సెమిస్టరు చివరి పరీక్ష పెద్దభాగమును తెచ్చును. కొన్నిచోట్ల తుదిసెమిస్టరున ఒక చిన్న పరిశోధనవ్యాసము వ్రాసి, పరీక్షకుల యెదుట కూర్చుండి, నోటిమాటలతో దానిని సమర్థించుకొనవలెను. కళాశాలలలో సహాయాచార్య పదవి గోరువారు ఎం.ఏ.లో నూటికి 55 మార్కులు, రిజర్వేషను గలవారు 50 మార్కులు తెచ్చుకొని యు.జి.సి. వారి నెట్ పరీక్షలో గెలువవలెను. అది మూడు గంటల పరీక్ష. మొదటి పత్రమున 50 ప్రశ్నలు, రెండవ పత్రమున 100 ప్రశ్నలు, మొత్తము 300 మార్కులు.

ఇవి కాగితముమీది నియమములు. ఇంతవఱకు ఎవరైనను చెప్పగలరు. మేము ఉపాధ్యాయశిక్షణ కళాశాలనుండి వచ్చి పాఠశాలలో చేరిన పిమ్మట దూరవిద్యాపద్ధతిని చరిత్ర ఎం.ఏ. చదివితిమి. పగలు పిల్లలకు పాఠములు చెప్పి, రాత్రి భోజనానంతరము పుస్తకము పట్టుకొనెడివారము. రెండవ షిఫ్టు ముగిసి ఇండ్లకు మరలు కార్మికుల మోటారుసైకిళ్ల చప్పుడు వినబడువఱకు చదువుట మాకలవాటు. పరీక్షలో మూడు గంటలు కూర్చుండి దీర్ఘవ్యాసములు వ్రాసితిమి. గణపతిదేవుని విజయములు, బహమనీల పాలనావిధానము, విజయనగరపు అమరనాయక పద్ధతి మొదలగు వానికి శీర్షికలు, ఉపశీర్షికలు కంఠస్థములై యుండెను. ఉత్తీర్ణులమైతిమి. కాని ఈ విద్యయొక్క అసలు పరీక్ష యేమో మేము తెలిసికొన్నది సెలవుదినమున మంథెనకు పోయినప్పుడు.

మంథెన మనకు దూరము కాదు. గోదావరి కుడియొడ్డున, పెద్దపల్లి జిల్లాలో నున్నది. అక్కడి 1199వ సంవత్సరపు శాసనము గణపతిదేవుని పాలనారంభమును నిర్ణయించుటలో పండితులకు తోడ్పడినది. కాకతీయశాసనపు రాతియెదుట నిలిచిన ఎం.ఏ. పట్టభద్రుడు ఏమి చేయగలడు? ఆనాటి లిపి నేటి తెలుగులిపి కాదు. తెలుగునకును కన్నడమునకును అప్పటికి ఇంచుమించుగా ఒకటే లిపి. భాషయో, కొంత సంస్కృతము, కొంత తెలుగు. కాలము శకసంవత్సరములలో నుండును. రాయి కొంతమేర అరిగి యుండును. శీర్షికలు, ఉపశీర్షికలు అచ్చట అక్కఱకు రావు. రాతిమీద నున్న అక్షరము చదువవచ్చునా, చదివినదానికి అర్థము తెలియునా, తెలిసినదానికంటె అధికముగా చెప్పకుండ ఉండగలమా అను మూడింటియందే ఈ విద్యకు పరీక్ష గలదని మాకప్పుడు తోచినది.

అందుచేత మొదటి యోగ్యత భాష. కెనడా దేశమున టొరాంటో విశ్వవిద్యాలయములో మధ్యయుగాధ్యయనకేంద్రము 1964లో వెలసినది. అక్కడ ఎం.ఏ. పట్టము గోరువాడు మధ్యకాలపు లాటిను భాషలో ప్రత్యేకపరీక్ష నిచ్చి నెగ్గవలెను. మూలమును స్వయముగా చదువలేనివాడు ఇతరుల మాటలను మాత్రమే తిరిగి చెప్పునని వారి భావము. మనకు లాటినుకు మాఱుగా సంస్కృతము, ప్రాచీనాంధ్రము, కన్నడము, పారసీకము కావలెను. పారసీకమేల యందురా? 1309వ సంవత్సరమున అలాఉద్దీను ఖల్జీ సేనాని మలిక్ కాఫూరు ఓరుగల్లుమీదికి దండెత్తి వచ్చుచు త్రోవలో ఒక కోటను పట్టుకొనెను. ఆ వృత్తాంతమును అమీరు ఖుస్రో పారసీకమున వ్రాసెను. ఆ లిపిలో హ్రస్వాచ్చులను సామాన్యముగా వ్రాయరు గావున కోటపేరు ఒకరికి సబర్ అనియు, మఱియొకరికి సర్బర్ అనియు కనబడినది. అది మన పాత ఆదిలాబాదు జిల్లాలోని సిర్పూరే యని పండితులు గుర్తించిరి. చూడుడు: మన పొరుగూరి చరిత్ర ఢిల్లీకవి పుస్తకమున పరాయిలిపిలో దాగియున్నది! ఆ లిపి నేర్చినవానికే అది పలుకును.

రెండవ యోగ్యత నిగ్రహము. దీనికి చందుపట్ల శాసనముకంటె మంచి దృష్టాంతము మాకు కనబడలేదు. రాణి రుద్రమదేవి 1295 ప్రాంతమువఱకు పాలించెనని పూర్వము పలు పుస్తకములలో వ్రాయుచుండిరి. పిమ్మట నల్లగొండ జిల్లా చందుపట్లలో ఒక శాసనము బయటపడినది. పువ్వుల ముమ్మడి యను భటుడు, కాకతి రుద్రమదేవియు మల్లికార్జుననాయకుడును శివలోకమునకు పోయిరనియు, వారి పుణ్యముకొఱకు తాను భూదానము చేసితిననియు అందు వ్రాయించెను. కాలము శకసంవత్సరము 1211, విరోధి. శకమునకు 78 కలిపిన 1289 వచ్చును. విద్యార్థులు దీనిని మఱియొక విధముగ సరిచూడవచ్చును: మొన్నటి విరోధి 2009లో వచ్చినది, తెలుగు సంవత్సరముల చక్రము అఱువదేండ్లది, 2009నుండి పండ్రెండు చక్రములు, అనగా 720 ఏండ్లు, తీసివేసిన 1289యే వచ్చును. రెండు లెక్కలును కలిసినవి. సామాన్యభటుడొకడు నిలిపిన రాయి పెద్దపెద్ద గ్రంథములలోని తేదీని దిద్దినది.

అయితే ఆమె యెట్లు మరణించెను? కాయస్థనాయకుడైన అంబదేవునితో జరిగిన యుద్ధమున ఆమెయు, సేనానియైన మల్లికార్జునుడును కలిసి పడిరని చరిత్రకారు లూహించిరి. ఆ యూహకు ఆధారములు కలవు: అంబదేవుడు తిరుగబడుట నిజము, రాణితోపాటు మల్లికార్జునుని పేరుకూడ ఒకేచోట చెప్పబడుట నిజము. కాని ఫలానివాడు ఫలానిచోట చంపెనని ఆ రాతిమీద లేదు. శివలోకమునకు పోయిరని మాత్రమే యున్నది. ఇది రాయి చెప్పినది, ఇది మేము ఊహించినది అని రెంటిని వేఱుపఱచి వ్రాయువాడే ఈ పరీక్షలో నెగ్గినవాడు. సినిమాలకును, సభలలోని ఉపన్యాసములకును ఆ నిర్బంధము లేదు, చరిత్రవిద్యార్థికి కలదు.

ఇట్టి శ్రమ చేసినవారివలన మనకు కలిగిన మేలు కొలదికాదు. పురావస్తుశాఖలో పనిచేసి అనేక శాసనములను వెలికితెచ్చిన పి.వి. పరబ్రహ్మశాస్త్రిగారు కాకతీయులపై వ్రాసిన గ్రంథము 1978లో ప్రకటింపబడినది. అమెరికాలో బోధించు సింథియా టాల్బట్‌గారు ఆ కాలపు శాసనములను కూర్చుకొని, దానములు చేసినవారెవరని వరుసగా లెక్కించి, 2001లో ఒక గ్రంథము ప్రకటించిరి. రాజులును బ్రాహ్మణులును మాత్రమేగాక వర్తకులు, పశుపాలకులు, స్త్రీలును దాతలై యుండిరని ఆ లెక్కవలన తెలిసినది. మా కులము అనాదిగా ఇట్టిదే, మీ కులము అట్టిదే అని వాదులాడుకొను నేటిదినములలో ఆ లెక్కను ఒకసారి చూచుట అందఱికిని మంచిది.

ఇక జీవనోపాధి మాట. మా పూర్వవిద్యార్థిని యొకతె ఈ చదువు చదువగోరినప్పుడు ఆమె తండ్రి మాయొద్దకు వచ్చెను. ఆయన భూగర్భగనిలో ఇరువదియైదేండ్లకు పైగా పనిచేసినవాడు, పదవీవిరమణ దగ్గఱపడినది, చిన్నకుమారుని చదువు ఇంకను మిగిలియున్నది. "సారూ, రాళ్లు చదివితే రాళ్లు అన్నం పెడతాయా?" అని అడిగెను. ఆ ప్రశ్న పరిహాసము కాదు. మేము దాచక చెప్పితిమి: అధ్యాపకపదవులు కొద్ది, పురావస్తుశాఖలోను, పాతపత్రములను భద్రపఱచు శాఖలోను ఖాళీలు అంతకంటె కొద్ది, జూనియరు కళాశాల అధ్యాపకులకు ఎం.ఏ. పట్టము కావలెను, ప్రభుత్వోద్యోగపు పోటీపరీక్షలలో చరిత్ర ఉపకరించును; అయినను ఇంత జీతము నిశ్చయమని ఎవ్వరును మాట ఈయలేరు. ఆయన కొంతసేపు మౌనముగా నుండి, ఈ చదువులో అసలు నేర్పునదేమని మరల అడిగెను.

అప్పుడు మేము ఆయన పనినే ఆయనకు గుర్తుచేసితిమి. గనిలో క్రొత్తచోట అడుగిడుటకు ముందు పైకప్పును కొట్టి చూతురుగదా. గట్టిశబ్దము వచ్చిన అది ఒకటి. డొల్లశబ్దము వచ్చిన ఆ రాయి ఎప్పుడైనను ఊడిపడునని తెలిసికొని దిమ్మలు పెట్టించి పిమ్మట లోనికి పోవుదురు. ఎవరో బాగున్నదని చెప్పినంతమాత్రమున పోరు. మీ బిడ్డ నేర్చుకొనునదియు ఇదియే. ప్రతిమాటను కొట్టి చూచి, శబ్దము విని, నిలుచునదానిమీదనే అడుగు వేయుట. ఈ మాటకు ఆయన చిఱునవ్వు నవ్వెను. ఒప్పుకొన్నట్లు ఆ దినమున చెప్పలేదు. రుసుము కట్టవలసిన దినమున మాత్రము కుమార్తెతో తానే రైలెక్కెను.

ఆ బాలిక తుదిసెమిస్టరున చెఱువులకు సంబంధించిన శాసనములనుగూర్చి వ్యాసము వ్రాసినది. నోటిపరీక్షలో ఒక పెద్దలు ఆమెను ఇట్లడిగిరట: "ఈ శాసనములో చెఱువు త్రవ్వించినట్లున్నదా, లేక చెఱువుక్రింది భూమిని దానమిచ్చినట్లున్నదా?" ఆమె, "భూమి నిచ్చినట్లే యున్నదండీ. ఆనాటికి చెఱువున్నదని మాత్రమే నేను చెప్పగలను, ఎవరు త్రవ్వించిరో చెప్పలేను" అనెను. ఆ పెద్దలు తల యూపి తరువాతి పుటకు పోయిరట. ఈ సంగతి ఆమె వచ్చి చెప్పినప్పుడు మాకు కలిగిన సంతోషము ఆమె మార్కులపట్టికను చూచినప్పటి సంతోషముకంటె ఎక్కువ. నేడామె ఒక జూనియరు కళాశాలలో కొద్ది జీతమునకు బోధించుచు నెట్ పరీక్షకు చదువుచున్నది. ఆమె కష్టములు తీరలేదు; తీరినవని వ్రాసిన అది చరిత్ర కాదు.

ప్రియ విద్యార్థులారా, ఈ విద్యపై మనసుగలవారు పట్టము వచ్చువఱకు వేచియుండ నక్కఱలేదు. ఇప్పుడే తెలుగును తప్పులేకుండ వ్రాయ నేర్చుకొనుడు. సంస్కృతమో ఉర్దువో నేర్పువారు దొరికిన సిగ్గుపడక వారియొద్ద కూర్చుండుడు. ఉర్దూలిపి వచ్చినవానికి పారసీకము సగము త్రోవ సుగమమగును. మీ తాతల ఊళ్లకు పోయినప్పుడు గుడియొద్దనో చెఱువుకట్టమీదనో అక్షరములుగల రాయి కనబడిన, దానిమీద సున్నము పూయకుడు, నూనె రాయకుడు, పేర్లు చెక్కకుడు. ఊరిపేరు, రాయి యున్నచోటు, వరుసల సంఖ్య ఒక పుస్తకమున వ్రాసికొని, ఛాయాచిత్రము తీసి ఉపాధ్యాయులకు చూపుడు. పెద్దలు తడికాగితమును రాతిపై పఱచి, మెత్తగా తట్టి, సిరా అద్ది దాని అచ్చును తీయుదురు. ఆ పని వారికి విడువుడు.

తలిదండ్రులకు మా మనవి యొకటి. నూఱుగురిలో తొంబదితొమ్మండుగురు వేఱు చదువులు చదువుదురు, చదువవలసినదే. మిగిలిన ఆ యొక్క బిడ్డ చరిత్రను కోరినయెడల వెంటనే కాదనకుడు. మీ ఇంటి శక్తిని, బిడ్డ ఓర్పును రెంటిని తూచి నిర్ణయింపుడు. మిషను పెద్దలకును ఒక మనవి: మన గ్రంథాలయమున శాసనములకు సంబంధించిన పుస్తకములు ఒక అఱనైనను నిండవలెను. బొగ్గును త్రవ్వి దేశమునకు వెలుగు నిచ్చిన ఈ నేలబిడ్డలు తమ పూర్వుల మాటలను సయితము సత్యముగా, ఒక్క అక్షరము కూర్చక తీయక, వెలికి తీయగలవారగుదురుగాక యని కోరుచు విరమించుచున్నాము.